ఆల్బమ్ సెలెక్షన్‌కు ఏ పద్ధతి మేలు? వరంగల్ ప్రాంత ఫోటో స్టూడియోలకు ఒక పోలిక

పెండ్లి ఫోటోల వ్యాపారంలో డబ్బు ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవాలంటే ఆషాఢ మాసంలో హనుమకొండలోనో, పరకాలలోనో, నర్సంపేటలోనో ఏదైనా స్టూడియోకు వెళ్లి బీరువా తెరిపించి చూస్తే చాలు. వైశాఖంలో, జ్యేష్ఠంలో తీసిన పెండ్లిళ్ల హార్డ్ డిస్కులు పేర్ల చీటీలు అంటించుకొని వరుసగా ఉంటాయి. వాటిలో చాలావాటికి ఆల్బమ్ పని ఇంకా మొదలై ఉండదు. మన దగ్గర లెక్క అందరికీ తెలిసిందే: మాట కుదిరిన రోజు బయానా, పెండ్లి రోజు కొంత, ఆల్బమ్ చేతికి అందిన రోజు మిగతాది. ఆల్బమ్ తయారు కావాలంటే ఇంటివారు ఫోటోలు ఎంచి ఇవ్వాలి. ఎంచవలసిన పెండ్లికూతురు అత్తగారింట్లో, ఆమె తల్లిదండ్రులు ఊళ్లో, పెండ్లికొడుకు గచ్చిబౌలిలోనో డల్లాస్‌లోనో ఉన్నప్పుడు ఒక్క పెన్‌డ్రైవ్ వాళ్లందరి మధ్య తిరిగి మళ్లీ స్టూడియోకు చేరేసరికి కార్తీకం రావచ్చు. అంతవరకు మన చివరి వాయిదా రాదు. అప్పటికి పెండ్లి ముచ్చట పాతబడి, బేరం కొత్తగా మొదలవుతుంది.

అందుచేత ఆన్‌లైన్ సెలెక్షన్ పద్ధతులను పోల్చేటప్పుడు నేను ఒక్క ప్రశ్ననే ముందు పెట్టుకుంటాను: ఫోటోలు చూపించిన రోజు నుంచి, ఎంచిన జాబితా మన చేతికి వచ్చే రోజు వరకు ఎన్ని రోజులు పడుతుంది? గ్యాలరీ అందం, నెలవారీ రుసుము, అదనపు సదుపాయాలు అన్నీ దీని తరువాతే. వెబ్‌సైట్‌కు జనాన్ని రప్పించడం వేరే పని అని చాలామంది అనుకుంటారు గానీ, సెలెక్షన్ లింక్ మన సొంత వెబ్‌సైట్ పేరు మీద నడిస్తే ఆ లింక్ తెరిచే ప్రతి బంధువూ మన స్టూడియో గడప తొక్కినట్టే. కాబట్టి ముందు సెలెక్షన్ పద్ధతిని ఖాయం చేసుకొని, దాని చుట్టూ వెబ్‌సైట్‌ను కట్టుకోవాలని నా అభిప్రాయం. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, వెబ్‌సైట్‌కు ముందుగా డబ్బు పోసి, సెలెక్షన్ మాత్రం పెన్‌డ్రైవ్ మీదనే నడుపుతున్నారు.

ఏ పద్ధతికైనా ముందు కావలసిన లెక్క

24 మెగాపిక్సెళ్ల కెమెరాలో పూర్తి నాణ్యతతో వచ్చే జేపెగ్ ఫైలు ఒక్కొక్కటి ఇంచుమించు 10 ఎంబీ ఉంటుంది. మైలపోలు నుంచి అప్పగింతల వరకు 3,000 ఫోటోలు తేలాయనుకుంటే మొత్తం 30 జీబీ. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం ఉన్న ఇంటర్నెట్ మీద ఇది ఎక్కడానికి 6 గంటల 40 నిమిషాలు పడుతుంది, అదీ మధ్యలో కరెంటు పోకపోతే. అవే ఫోటోలను పొడవు వైపున 2,048 పిక్సెళ్లకు కుదిస్తే ఒక్కొక్కటి 600 కేబీ దగ్గర ఆగుతుంది, మొత్తం 1.8 జీబీ, అదే ఇంటర్నెట్ మీద 24 నిమిషాల పని. ఫోన్‌లో చూసి ఎంచడానికి ఆ పరిమాణం నిండుగా సరిపోతుంది, 12×36 షీటు మీద ప్రింటు వేయడానికి సరిపోదు. ఈ రెండో మాట మనకు నష్టం కాదు, రక్షణ. అసలు ఫోటోలన్నీ ముందే చేతికి అందిన ఇంట్లో ఆల్బమ్ మీద తొందర తగ్గిపోవడం ఈ పనిలో ఉన్నవారందరికీ అనుభవమే.

కెమెరాల అంకెల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. కెమెరా ఇచ్చే ఫైలు పేరులో అంకెలు నాలుగే కాబట్టి 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. నిలబెట్టి తీసే ట్రెడిషనల్ ఫోటోలు ఒకరు, చెప్పకుండా సహజంగా తీసే క్యాండిడ్ ఫోటోలు ఒకరు తీసినప్పుడు ఇద్దరి దగ్గరా 4521 ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇంటివారు నోటుపుస్తకంలో 4521 అని రాసి పంపితే అది జీలకర్ర బెల్లమో, భోజనాల బంతిలో ఎవరో మేనమామ అప్పడం విరుస్తున్న ఫోటోనో డిజైనర్‌కు తెలియదు. అప్‌లోడ్‌కు ముందే ఒక కెమెరా ఫైళ్లకు ఒక అక్షరం, రెండో కెమెరా ఫైళ్లకు ఇంకో అక్షరం ముందు చేర్చి పేర్లు మార్చుకోవాలి. పెండ్లి రోజు ఉదయమే కెమెరాల గడియారాలను ఒకే సమయానికి కలపకపోతే, తేదీ వరుసలో పేర్చినప్పుడు తలంబ్రాలు ముందు, మాంగళ్యధారణ తరువాత వచ్చి నవ్వులపాలవుతాము. ఏ ఖరీదైన సేవ కొన్నా ఈ రెండు పనులూ మన తరఫున ఎవరూ చేసి పెట్టరు.

పెన్‌డ్రైవ్ నుంచి సెలెక్షన్ లింక్ దాకా

పెన్‌డ్రైవ్‌ను తీసిపారేయడం తేలికే గానీ, దానిలో ఒక గుణం ఉంది. టీవీకి పెట్టగానే నాయనమ్మతో సహా ఇంటిల్లిపాదీ పెద్ద తెర మీద కూర్చొని చూస్తారు. ఖాతా అక్కరలేదు, పాస్‌వర్డ్ అక్కరలేదు, సిగ్నల్ అక్కరలేదు. ములుగు, భూపాలపల్లి వైపు లోపలి ఊళ్లలో ఇది చిన్న సంగతి కాదు. అయితే చూడటం వేరు, ఎంచడం వేరు. అంకెలు కాగితం మీద రాయడం, ఆ కాగితాన్ని ఫోటో తీసి పంపడం, మనవాళ్లు దాన్ని చదివి ఒక్కొక్క ఫైలును వెతకడం అనే మూడు మెట్లలోనూ తప్పులు దొర్లుతాయి. ఇంటివాళ్లంతా ఒకేచోట ఉండి, ఒక మనిషి బాధ్యత తీసుకుంటే ఈ పద్ధతి వారంలో తేలిపోతుంది. ఇల్లు రెండు ఊళ్లకు విడిపోతే నెలలు పడుతుంది. మరొకటి, అసలు ఫోటోలు ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఇవ్వడం అలవాటైన వారు కనీసం కుదించిన ఫోటోలకైనా మారాలి.

వాట్సాప్‌ను సెలెక్షన్‌కు వాడటం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా 2 జీబీ వరకు ఫైలు పంపవచ్చు గానీ, వందల ఫోటోల్లో ఏది ఎంచారో తేల్చే ఏర్పాటు అందులో లేదు. కవర్ పేజీకి నాలుగు ఫోటోల్లో ఒకటి తేల్చుకోవడానికి అంతకన్నా మంచి సాధనం మరొకటి లేదు. అక్కడితో ఆపడం మంచిది.

గూగుల్ డ్రైవ్, గూగుల్ ఫోటోస్ మన కస్టమర్లకు అలవాటైనవి, తెలుగులోనూ కనిపిస్తాయి. ఒక్కొక్క ఖాతాకు ఉచితంగా దొరికే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ పంచుకుంటాయి. కుదించిన ఫోటోలైతే అందులో ఏడెనిమిది పెండ్లిళ్లు పడతాయి. పెండ్లికొక కొత్త జీమెయిల్ ఖాతా తెరిచే అలవాటు కొందరికి ఉంది. రెండేళ్లపాటు ముట్టుకోని ఖాతాను తొలగించే హక్కు గూగుల్ తన నిబంధనల్లో పెట్టుకుందని, ఆ ఖాతాను నమ్ముకొని అసలు కాపీని చెరిపేసిన రోజు మన కథ కంచికేనని వారు గుర్తుంచుకోవాలి. గూగుల్ ఫోటోస్‌లో ఆల్బమ్ పంచుకుంటే ఇంటివారు ఒక్కొక్క ఫోటోకు ఇష్టం తెలపవచ్చు, వ్యాఖ్య రాయవచ్చు. కానీ ఎంచినవాటి ఫైలు పేర్లన్నీ ఒకే జాబితాగా బయటికి తీసే దారి లేకపోవడం వల్ల మన పని మళ్లీ చేతిరాత దగ్గరకే వస్తుంది. ఏడాదికి పది పెండ్లిళ్లు కూడా చేయని, ప్రధానంగా పాస్‌పోర్టు ఫోటోలు, పుట్టినరోజు వేడుకలతో నడిచే దుకాణానికి డ్రైవ్ చాలు.

చాలామంది గమనించని దారి ఒకటి మన కంప్యూటర్‌లోనే ఉంది. ఫోటోలు సర్దుకొని ఎడిట్ చేసే అడోబీ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌కు నెలనెలా చందా కడుతున్న వారు అందులో ఒక కలెక్షన్‌ను, అంటే ఎంచిన ఫోటోల గుంపును, క్లౌడ్‌తో కలిపి, దానికి ఒక లింక్ తీసి ఇంటివారికి పంపవచ్చు. క్లాసిక్ పైకి పంపేది అసలు ఫైలును కాదు, పొడవు వైపున 2,560 పిక్సెళ్ల చిన్న నకలును, దాని పేరు స్మార్ట్ ప్రివ్యూ. అది క్లౌడ్ స్థలం కోటాలో లెక్కకు రాదు. ఇంటివారు గుండె గుర్తు నొక్కినా, వ్యాఖ్య రాసినా అది క్లాసిక్‌లో అదే ఫోటో పక్కన కనిపిస్తుంది. కొత్తగా రూపాయి ఖర్చు లేదు, ఫైలు పేర్ల గొడవ లేదు. లోపమల్లా ఒక్కటే: గుండె గుర్తు నొక్కాలంటే చూసేవారు లాగిన్ కావలసి రావచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయిన పెండ్లికొడుకుకు అది క్షణం పని. వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణం నడిపే మామగారికి అక్కడే ఆసక్తి చచ్చిపోతుంది. ఎంచేవాళ్లు కుర్రవాళ్లే అయితే ఈ దారిని ధైర్యంగా పట్టవచ్చు.

ఇక పిక్సీసెట్, పిక్‌టైమ్, షూట్‌ప్రూఫ్, క్లౌడ్‌స్పాట్ వంటి ప్రత్యేక సేవలు ఇదే పని కోసం పుట్టినవి. వరపూజ, మైలపోలు, పెండ్లి, బరాత్, రిసెప్షన్ అని విడివిడి భాగాలుగా పేర్చవచ్చు. ఇంటివారు గుండె గుర్తుతో ఎంచినవి ఒక జాబితాగా నిలుస్తాయి. పెండ్లికూతురు జాబితా, పెండ్లికొడుకు జాబితా వేరువేరుగా వస్తాయి. వాటర్‌మార్క్, పాస్‌వర్డ్, డౌన్‌లోడ్‌కు తాళం, గడువు తేదీ అన్నీ మన చేతిలో ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఎంచిన ఫైళ్ల పేర్ల జాబితాను ఒకేసారి బయటికి తీయవచ్చు. ఆ జాబితాను లైట్‌రూమ్ క్లాసిక్‌లోని లైబ్రరీ ఫిల్టర్‌లో ఫైలు పేరు చోట అతికిస్తే 250 ఫోటోలు కళ్లముందు నిలబడతాయి. నోటుపుస్తకం పట్టుకొని ఒక కుర్రవాడు రోజంతా చేసే పని టీ తాగేలోపు అయిపోతుంది. చందా ఖరీదును బేరీజు వేసేటప్పుడు ఆ కుర్రవాడి రోజుకూలిని పక్కన పెట్టి చూడాలి.

ఈ సేవల మధ్య తేడాలు చూసేటప్పుడు మనకు అక్కరకురానివి ముందు కొట్టివేస్తే పోలిక సులువవుతుంది. వీటిలో చాలావాటికి గ్యాలరీ నుంచే ప్రింట్లు అమ్మే దుకాణం ఉంటుంది. ఆ అమ్మకం అమెరికా, యూరప్ ల్యాబుల మీద ఆధారపడి కట్టింది. మన ఆల్బమ్ హైదరాబాద్ ల్యాబులోనో హనుమకొండలోనో తయారవుతుంది కాబట్టి దుకాణం ఉన్న ఖరీదైన ప్లాన్‌కు డబ్బు కట్టనక్కరలేదు. కొన్ని సేవలు జీబీ లెక్కన, కొన్ని ఫోటోల సంఖ్య లెక్కన డబ్బు అడుగుతాయి. ఒక్క పెండ్లికే వేల ఫోటోలు చూపించే మన అలవాటుకు, కుదించిన ఫోటోలు పెట్టే పక్షంలో, జీబీ లెక్కే లాభం. రుసుము డాలర్లలో ఉంటుంది. మన బ్యాంకు కార్డుల నుంచి ప్రతి నెలా తనంతట తానే డబ్బు పోయే చెల్లింపులకు 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు కట్టుదిట్టమైన నిబంధనలు అమలు చేస్తోంది. విదేశీ సేవల నెలవారీ చెల్లింపు మధ్యలో ఆగిపోయే చిక్కు దీనివల్ల రావచ్చు. మాఘమాసం పెండ్లిళ్ల నడుమ గ్యాలరీలు మూతపడటం కన్నా, ముందుగా ఉచిత ప్లాన్‌లో ఒకటి రెండు పెండ్లిళ్లు నడిపి చూసి, నచ్చితే ఏడాది మొత్తానికి ఒకేసారి కట్టడం క్షేమం.

అన్నింటిలోనూ తెర మీది మాటలు ప్రధానంగా ఇంగ్లీషే. దీనికి మందు చాలా చవక. లింక్‌తోపాటు అర నిమిషం వాయిస్ మెసేజ్ పంపాలి: “అమ్మా, ఫోటో కింద గుండె గుర్తు ఉంటది, నచ్చినదాని మీద ఒక్కసారి నొక్కండి, వద్దనుకుంటే మళ్లీ నొక్కితే పోతది.” అచ్చువేసిన సూచనల కాగితం చేయలేని పని ఈ అర నిమిషం చేస్తుంది.

ముఖాలను గుర్తుపట్టి పంచే క్విక్‌పిక్ వంటి సేవల గురించి ఈమధ్య అందరూ అడుగుతున్నారు. ఫంక్షన్ హాల్ గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ పెడితే, వచ్చినవారు సెల్ఫీ తీసుకొని తాము ఉన్న ఫోటోలను చూసుకుంటారు. ఇది పంపకానికి పనికొచ్చే సాధనం, సెలెక్షన్‌కు కాదు. ఈ రెండింటినీ కలగలిపి కొన్నవారు తరువాత నిరాశపడతారు. ప్రచారానికి మాత్రం దీని బలం ఎక్కువే, ఎందుకంటే ఇంటివారితో ఆగకుండా ప్రతి అతిథి ఫోన్‌లోనూ మన పేరు తెరుచుకుంటుంది. అయితే ఆడపిల్లల, చిన్నపిల్లల ముఖాలు ఒక యంత్రానికి అప్పగిస్తున్నామని ఇంటి పెద్దలకు ముందే చెప్పి, రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. వ్యక్తిగత డిజిటల్ సమాచారం మీద 2023లో చట్టం వచ్చిన తరువాత దీన్ని నోటిమాటగా వదిలేయడం తెలివైన పని కాదు.

వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌తో కట్టిన సొంత సైట్ ఉన్నవారికి, దానికి తగిలించుకునే పికు వంటి ప్లగిన్‌తో సెలెక్షన్‌ను అక్కడే నడిపే దారి కూడా ఉంది. చందా తగ్గుతుంది, చిరునామా పూర్తిగా మనదే. కానీ చవక హోస్టింగ్ మీద వేల ఫోటోలు పెడితే సైటే కుంటుతుంది. అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసే మనిషి ఇంట్లో లేకపోతే ఈ దారి వద్దు.

ఏ సాధనం తీసుకున్నా సెలెక్షన్ వేగాన్ని సగం నిర్ణయించేది మనం పెట్టే షరతులు. 3,000 ఫోటోలు ఉన్నవి ఉన్నట్టు పడేయకుండా, కళ్లు మూసినవి, ఒకేలా ఉన్నవి తీసివేసి 1,000 లోపు చూపించాలి. 40 షీట్ల ఆల్బమ్‌లో షీటుకు ఆరు చొప్పున 240 ఫోటోలు పడతాయని ముందే చెప్పి, ఆ సంఖ్యనే పరిమితిగా పెట్టాలి. లేకుంటే ఇంటివారు 700 ఎంచి, తగ్గించే కష్టం మన నెత్తిన పెడతారు. మనం తీసేసిన ప్రతి ఫోటోలోనూ ఎవరో ఒక చిన్నమ్మ తప్పకుండా ఉంటుంది. రెండు వైపులా కలిసి 240 అనకుండా, చెరి 90, జంట ఫోటోలు 60 అని పంచితే తగాదా కూడా తగ్గుతుంది. గడువు తేదీ పెట్టి, ఆ తేదీ దాటితే మనమే ఎంచి డిజైన్ మొదలుపెడతామని బయానా రసీదు మీదనే రాయించుకోవాలి.

లింక్ ఎవరి పేరు మీద తెరుచుకోవాలి

పెండ్లికూతురు తనకు వచ్చిన లింక్‌ను తనకోసమే దాచుకోదు. కరీంనగర్‌లో ఉన్న పెద్దమ్మకు, మహబూబాబాద్‌లో ఉన్న స్నేహితురాలికి, బెంగళూరులో ఉన్న తమ్ముడికి పంపుతుంది. ఆ చూసేవాళ్లలో వచ్చే మాఘంలోనో శ్రావణంలోనో పెండ్లి పెట్టుకున్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. ఆ లింక్ పరాయి సేవ పేరు మీద తెరుచుకుంటే వాళ్లకు గుర్తుండేది ఆ సేవ పేరు. మన సొంత డొమైన్, అంటే మన పేరుతో కొన్న వెబ్ చిరునామా, కింద తెరుచుకుంటే పైన మన పేరు, కింద మన ఫోన్ నంబరు, ఒక నొక్కుతో మన మిగతా పనితనం. ఈ సదుపాయం చాలా సేవల్లో డబ్బు కట్టే ప్లాన్‌లలోనే ఉంటుంది. నన్నడిగితే చందా కట్టడానికి ఫైలు జాబితా తరువాత రెండో బలమైన కారణం ఇదే.

అయితే ఈ రాకపోకలను సైట్ ట్రాఫిక్‌గా లెక్కించి సంబరపడకూడదు. ఒకే ఇంటివారు ఒకే గ్యాలరీని నలభై సార్లు తెరిస్తే అంకె పెరుగుతుంది, గిరాకీ పెరగదు. గ్యాలరీలను వేరే ఉపడొమైన్ మీద ఉంచి, గూగుల్ వెతుకులాటలోకి రాకుండా నోఇండెక్స్ పెట్టి, పాస్‌వర్డ్ వేసి, వాటి అంకెలను ప్రధాన సైట్ అంకెల నుంచి విడిగా చూడాలి. ఇంటివారి ఏకాంతానికీ అదే కావాలి.

బయటి నుంచి కొత్తవారు వచ్చే దారులను పోల్చితే, మన ప్రాంతంలో మొదటిది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అనడానికి నాకు సందేహం లేదు. అది ఉచితం, మ్యాపులో కనిపిస్తుంది, ఫోన్ నొక్కగానే పిలుపు వస్తుంది. వెతికిన మాటతో మన దుకాణానికి ఉన్న పొంతన, దూరం, పేరు ప్రతిష్ఠ అనే మూడింటిని బట్టి స్థానిక ఫలితాల వరుస నిర్ణయిస్తామని గూగుల్ చెబుతుంది. దూరం మన చేతిలో లేదు, మిగతా రెండూ ఉన్నాయి. ఇక్కడ మన ఊరికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్ జిల్లాగా పేర్లు మారాయి. సుబేదారిలోనో నక్కలగుట్టలోనో ఉన్న స్టూడియో చిరునామా హనుమకొండ జిల్లా కిందికి వస్తుంది, కానీ హైదరాబాద్ నుంచి వెతికేవారు వరంగల్ అనే కొడతారు. ప్రొఫైల్‌లో చిరునామా ఉన్నదున్నట్టు ఉంచి, వెబ్‌సైట్ మొదటి పేరాలో వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడు పేర్లూ సహజంగా వచ్చేట్టు రాసుకోవాలి. మూడింటినీ దుకాణం పేరులోనే ఇరికించడం మాత్రం ప్రొఫైల్ నిబంధనలకు విరుద్ధం.

ఇంకో సంగతి: గూగుల్ ఈ ప్రొఫైల్‌తో ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను 2024 మార్చిలో మూసివేసింది. ఇప్పటికీ కొన్ని విజిటింగ్ కార్డుల మీద, ఫ్లెక్సీల మీద ఆ చిరునామాలే ఉన్నాయి. అది తెరిచినవారికి శూన్యమే కనిపిస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్ రీల్ వారంలో మోత మోగించి మూడో వారానికి అడుగున పడుతుంది; వెబ్‌సైట్ పేజీ నెమ్మదిగా పైకి వచ్చి ఏళ్లపాటు పనిచేస్తుంది. రెండూ చేయగలవారు చేయాలి. ఒక్కటే చేయగలిగే తీరిక ఉన్నవారు, వారి గిరాకీ ఎక్కువగా ప్రీవెడ్డింగ్ జంటల నుంచి వస్తుంటే ఇన్‌స్టాగ్రామ్‌ను, పెండ్లి పెద్దల నుంచి వస్తుంటే ప్రొఫైల్‌తో కూడిన చిన్న వెబ్‌సైట్‌ను ఎంచుకోవాలి. వెడ్‌మీగుడ్, వెడ్డింగ్‌వైర్, జస్ట్‌డయల్ వంటి జాబితాల్లో ఉచితంగా పేరు ఉంచడంలో నష్టం లేదు; డబ్బు కట్టేముందు మాత్రం, అక్కడి విచారణ ఒకేసారి అనేక స్టూడియోలకు చేరితే చివరికి మిగిలేది ధర తగ్గించే పోటీయేనని ఆలోచించుకోవాలి.

వెబ్‌సైట్‌లో ఏం రాయాలనే దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. మేడారం జాతర ఫోటోలు, బతుకమ్మ ఫోటోలు పెడితే జనం వెల్లువగా వస్తారు. వారిలో మనకు పని ఇచ్చేవారు అరుదు, ఎందుకంటే వారు వెతికింది ఫోటోను, ఫోటోగ్రాఫర్‌ను కాదు. రెండేళ్లకోసారి వచ్చే జాతరలో తీసినవి మన పనితనానికి గర్వంగా ఒక పేజీలో ఉంచుకోవచ్చు, గిరాకీ లెక్కలో మాత్రం వేసుకోకూడదు. దానికి బదులు, రామప్ప దగ్గర ప్రీవెడ్డింగ్ తీయించుకోవాలనుకునే జంటకు నిజంగా ఉండే అనుమానాలు తీర్చే పేజీ ఒకటి రాయాలి. హనుమకొండ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. గుడి తూర్పు ముఖంగా ఉంది కాబట్టి ముందు భాగం మీద వెలుతురు పొద్దున్నే బాగుంటుంది. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చిన తరువాత సందర్శకులు పెరిగారు, కాబట్టి సెలవు రోజులు వద్దు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కనుక ట్రైపాడ్‌తో, వృత్తిపరమైన షూటింగ్‌కు ముందస్తు అనుమతి కావాలి. వేయిస్తంభాల గుడికి, ఖిలా వరంగల్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. లక్నవరం చెరువు మీద ఇంకో పేజీ, వోణీల వేడుకకు ఇంకో పేజీ. ఇలాంటివి నాలుగు ఉన్నా, “మధుర జ్ఞాపకాలను బంధిస్తాము” అని రాసిన ఇరవై పేజీలకన్నా ఎక్కువ పిలుపులు తెస్తాయి.

ఫోటోగ్రాఫర్ల సైట్లకు పుట్టుకతో వచ్చే జబ్బు బరువు. మొదటి పేజీలో 10 ఎంబీ ఫోటోలు ఐదు తిరుగుతుంటే, ఊళ్లో ఫోన్ మీద తెరిచినవాడు అవి వచ్చేలోపు వెనక్కి వెళ్లిపోతాడు. పేజీలోని ముఖ్యమైన బొమ్మ 2.5 సెకన్ల లోపు కనిపించాలని గూగుల్ కొలమానం. తక్కువ బరువుండే వెబ్‌పీ ఫైలు రూపంలో, ఒక్కొక్కటి 200–300 కేబీకి కుదించి పెడితే ఇది సాధ్యమే. ప్రతి ఫోటోకు అది ఏ సందర్భమో, ఏ ఊరో మామూలు మాటల్లో వివరణ రాయాలి. ఖాళీగా వదిలితే గూగుల్‌కు ఆ ఫోటో గురించి తెలిసేది చాలా తక్కువ. ఎవరు ఏమని వెతికి వస్తున్నారో సెర్చ్ కన్సోల్ ఉచితంగా చూపిస్తుంది. దానికన్నా నమ్మదగినది స్టూడియోలోని డైరీ: ఫోన్ చేసిన ప్రతివారినీ “మా గురించి ఎక్కడ చూశారు?” అని అడిగి రాసి పెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి ఏ దారికి డబ్బు పెట్టాలో అదే చెబుతుంది.

ఇక్కడే ఒక చట్టం మాట చెప్పాలి. మనం తీసిన ఫోటో మనదే అనే నమ్మకం మన వృత్తిలో గట్టిగా ఉంది. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. కాబట్టి వెబ్‌సైట్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకునే అనుమతిని బయానా రసీదులోనే ఒక వాక్యంగా రాయించి సంతకం తీసుకోవాలి. సెలెక్షన్ అయిన తరువాత అడిగితే ఇంటివారు మొహమాటపడతారు, మనమూ మొహమాటపడతాము. సెలెక్షన్ గ్యాలరీలోనే “వెబ్‌సైట్‌లో పెట్టవద్దు” అనే మరో జాబితా తెరిచి, వద్దనుకున్న ఫోటోలను అందులో వేయమని చెప్పడం మర్యాదైన పద్ధతి.

ఎవరికి ఏది

ఒక్కడే తీసి, ఒక్కడే ఎడిట్ చేసుకొని, సీజన్‌కు నాలుగైదు పెండ్లిళ్లు చేసేవారు కొత్త చందాల జోలికి వెళ్లనక్కరలేదు. లైట్‌రూమ్ ఉంటే దాని లింక్, లేకుంటే ఒక ప్రత్యేక సేవలోని ఉచిత ప్లాన్, దానితోపాటు చక్కగా నింపిన బిజినెస్ ప్రొఫైల్ చాలు. సెలెక్షన్ అయిపోగానే పాత గ్యాలరీని ఖాళీ చేసుకుంటే ఉచిత స్థలంలోనే సీజన్ గడిచిపోతుంది. ఇద్దరు ముగ్గురు కెమెరామెన్లు, ఒక డిజైనర్ ఉండి ఏడాదికి ముప్పై పెండ్లిళ్లు దాటే స్టూడియోకు మాత్రం సొంత డొమైన్‌తో కూడిన చందా తప్పనిసరి అని నేనంటాను. అంత పని ఉన్నచోట నాలుగు ఆల్బమ్‌ల బాకీ రెండు నెలలు ముందు వసూలైతేనే ఏడాది రుసుము గిట్టుబాటవుతుంది. లోపలి మండలాల్లో పనిచేసేవారు పెన్‌డ్రైవ్‌నూ లింక్‌నూ కలిపి వాడాలి: కుదించిన ఫోటోలు టీవీ కోసం పెన్‌డ్రైవ్‌లో, అవే పేర్లతో ఎంచడం కోసం లింక్‌లో. ఇంటిల్లిపాదీ టీవీలో చూస్తుంటే, చదువుకున్న పిల్ల ఫోన్‌లో గుండె గుర్తు నొక్కుతుంది.

ఏదైనా కొనేముందు, మూఢం ఉన్న రోజుల్లో తీరిక దొరికినప్పుడు, మీ ఇంట్లోనే జరిగిన పాత పెండ్లి ఫోటోలు వంద ఎక్కించి ఆ లింక్‌ను మీ అమ్మకు పంపండి. పక్కన కూర్చోండి గానీ ఫోన్ ముట్టుకోకండి, నోరు విప్పకండి. ఆమె వేలు ఎక్కడ ఆగిందో, ఏ తెర దగ్గర “ఇదేంది బిడ్డా?” అని అడిగిందో కాగితం మీద రాసుకోండి. రెండు మూడు సేవలతో ఇలా చేసి, ఆమె తక్కువసార్లు అడిగినదానికి డబ్బు కట్టండి.